ఏడేళ్ళ తర్వాత విఎన్ఎస్ (ఫిట్స్ తగ్గడానికి మెడలోని వేగస్ నరానికి కరెంటు ఇచ్చే మెషిను) వైరు తెగిందంటున్నారు, మళ్ళీ మెడ తెరవాలంట. రివిజన్, అంటే పాతది తీసి మార్చే ఆపరేషన్, చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

చిన్నోడి అమ్మ:

అందరికీ నమస్తే అండి. చాలా రోజుల్నుంచి చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయక తప్పట్లేదు.

మా అబ్బాయికి 15 ఏళ్ళు. లెన్నాక్స్ గాస్టాట్, అంటే మందులకి సరిగ్గా లొంగని ఒక రకం ఫిట్స్ జబ్బు. ఎనిమిదో ఏట విఎన్ఎస్ పెట్టించాం, ఎడమవైపు కాలర్ ఎముక కింద మెషిను, అక్కణ్ణుంచి చర్మం కిందనే వైరు మెడలోకి వెళ్ళి వేగస్ నరానికి చుట్టుకుని ఉంటుంది. అంతకుముందు నెలకి ఇరవై సార్లకి పైనే పడేవాడు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయేవాడు, హెల్మెట్ లేకుండా బాత్రూంకి కూడా పంపేవాళ్ళం కాదు. మెషిను పెట్టగానే ఏం మారలేదు, ఏడాది పైనే పట్టింది, మెల్లగా నెలకి ఆరు ఏడుకి దిగాయి. పూర్తిగా పోలేదు, పోతాయని మాకెవరూ చెప్పలేదు కూడా. కానీ ఆ తగ్గినదానితోనే వాడి బతుకూ మా బతుకూ మారిపోయాయి.

గత మూడు నెలలుగా మళ్ళీ పెరిగాయి. పొడుగయ్యాడు, బరువు పెరిగాడు, మందు చాలట్లేదేమో అని డోసు మార్చారు, ఏం లాభం లేదు. పోయిన వారం మెషిను చెక్ చేశారు, ఛాతీ మీద ఆ వాండ్ (బయటినుంచే మెషిన్‌ని చదివే పరికరం) పెట్టి చూస్తే ఇంపిడెన్స్ 7000 ఓమ్స్ పైన చూపించింది. వైరు ఎక్కడో తెగుండొచ్చు అన్నారు, అక్కడికక్కడే కరెంటు సున్నా చేసి మెషిను ఆపేశారు. మెడకీ ఛాతీకీ ఎక్స్‌రే తీశారు, అందులో ఏమీ కనబడలేదు. అయినా ఆపరేషన్ చేయాలి, వైరూ మెషినూ రెండూ మార్చాల్సి రావచ్చు, సంతకం రెండింటికీ పెట్టండి అంటున్నారు.

ఇంకో విషయం, ఇది రాస్తుంటేనే ఏడుపొస్తోంది. వాడు మాట్లాడేది పది పదిహేను మాటలే, కానీ రోజంతా ఏదో ఒక కూనిరాగం తీస్తూనే ఉంటాడు. మెషిను కరెంటు వదిలినప్పుడల్లా, అంటే ప్రతి 5 నిమిషాలకీ ఒక 30 సెకన్లు, ఆ రాగం వణికేది. ఏడేళ్ళు విన్నాం, చెవికి అలవాటైపోయింది. ఆ వణుకు ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలీదండి. ఈమధ్య ఒకరోజు, ఇవాళ రాగం ఎంత బాగా తీస్తున్నాడో అనుకున్నాను కూడా. అప్పటికే కరెంటు అందట్లేదన్నమాట. కన్నతల్లినై ఉండి అది పట్టించుకోలేదే అని ఒకటే బాధ.

నా ప్రశ్నలు ఇవీ. ఎక్స్‌రేలో కనబడకపోతే వైరు తెగిందని ఎలా నమ్మాలి? ముందు బ్యాటరీ మెషిను ఒక్కటే మార్చి చూడకూడదా, అది చిన్న ఆపరేషన్ కదా? పాత వైరు నరానికి అతుక్కుపోయి ఉంటుందంట, అది తీసేటప్పుడు గొంతు పోతే? ఉన్న ఆ పది మాటలూ ఆ రాగమూ పోతే నేను తట్టుకోలేను. మచ్చ లేని కుడివైపు పెట్టకూడదా? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి రాయండి, డాక్టర్ని మళ్ళీ కలవడానికి ఇంకా పది రోజులుంది.

1999 నుంచి:

అమ్మా, ముందు ఆ బాధ పక్కన పెట్టండి. నా ఒంట్లో ఉన్న మెషిను ఆగిపోతే నాకే రెండు నెలలు తెలీలేదు, మీరు బయటినుంచి ఎలా కనిపెడతారు.

నాకు 1999లో పెట్టారు. అమెరికాలో అనుమతి వచ్చింది 1997లో, అంటే ఆ తొలి రోజుల బ్యాచ్ అన్నమాట. ఇప్పటికి బ్యాటరీ కోసం మూడు సార్లు, వైరు కోసం ఒకసారి కత్తి పడింది. రెండూ వేరే వేరే ఆపరేషన్లు అనే అనుకోండి. బ్యాటరీ మార్పు అంటే ఛాతీ దగ్గర పాత మచ్చ మీదే కోస్తారు, మెషిను చుట్టూ ఒళ్ళు కట్టుకున్న సంచి లాంటి పొర ఉంటుంది, దాన్ని విప్పి పాత మెషిను బయటికి లాగి, స్క్రూ వదులు చేసి వైరు పిన్ను పీకి కొత్తదాంట్లో గుచ్చుతారు. గంట లోపే అయిపోయింది, నేను అదే రోజు ఇంటికొచ్చేశా. మెడ జోలికే పోరు. అందుకే బ్యాటరీ మార్పు గురించి నేనెవరికీ భయం చెప్పను. ఒకటే మాట, బ్యాటరీ అయిపోవస్తోందని మెషిను సిగ్నల్ ఇస్తుంది, అప్పుడే మార్పించుకోవాలి. నేను రెండోసారి బద్ధకించి పూర్తిగా చచ్చేదాకా ఆగాను, ఆ ఆర్నెల్లు పడ్డది ఇప్పటికీ మర్చిపోలేను.

వైరు సంగతి అలా కాదు. నాది ఎలా తెలిసిందంటే, దవడ కిందా మెడలోనూ సూదులు గుచ్చినట్టు షాక్ కొట్టేది, అది కూడా సరిగ్గా 5 నిమిషాలకోసారి. కరెంటు ఆపగానే నొప్పి ఆగింది. మీ వాడు నోరు తెరిచి చెప్పలేడు కాబట్టి అడుగుతున్నా, మెడ పట్టుకోవడం, ఛాతీ మీద గోకడం లాంటివి చేశాడా? తెగిన వైరుకి కరెంటు పంపిస్తూ ఉంటే లోపలి లోహం తినేసి నరానికి దెబ్బ తగలొచ్చంట, అందుకే డాక్టర్లు వెంటనే సున్నా చేస్తారు. మీవాళ్ళు అక్కడికక్కడే ఆపేశారంటే సరైన పనే చేశారు.

నాకు వైరు మార్చినప్పుడు గొంతు బొంగురు పోయింది. ఆరు వారాలు. ఫోన్లో నన్నెవరూ గుర్తుపట్టలేదు. తర్వాత వచ్చేసింది, పాతదానికంటే కాస్త గరుకుగా, కానీ వచ్చింది. మీకు అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, రాకుండా పోయినవాళ్ళు కూడా ఉన్నారు, తక్కువ మంది. ఇది సర్జన్‌ని సూటిగా అడగండి, "మీరు ఇప్పటిదాకా ఎన్ని వైరు రివిజన్లు చేశారు" అని. మొదటిసారి పెట్టడం వచ్చిన ప్రతివాళ్ళకీ తీయడం రావాలని లేదు. నేను అడిగా, ఆయనేం కోప్పడలేదు, నెంబరు చెప్పాడు.

ఇంకోటి మర్చిపోయా. నా పాత వైరుకి రెండు పిన్నులు, తర్వాత వచ్చిన మెషిన్లకి ఒకటే కన్నం. అందుకే బ్యాటరీ మార్చినప్పుడల్లా రెండు పిన్నుల మోడలే తెప్పించేవాళ్ళు. మీ వాడిది ఒకటే పిన్ను అయ్యుంటుంది, అయినా మొదటి ఆపరేషన్ కాగితాల్లో మోడల్ నెంబరు ఉంటుంది, వెతికి పెట్టుకోండి.

థియేటర్ నర్స్:

అక్కా, నేను న్యూరోసర్జరీ థియేటర్‌లో చేస్తాను, విఎన్ఎస్ కేసులు, రివిజన్లు చాలానే చూశాను. డాక్టర్ని కాదు, కాబట్టి మీ వాడి విషయంలో ఇదే చెయ్యండి అని చెప్పలేను, లోపల ఏం జరుగుతుందో మాత్రం చెప్తాను.

ఇంపిడెన్స్ అంటే కరెంటు ఆ దారిలో పోవడానికి ఎంత అడ్డం ఉందో చూపించే కొలత. మామూలుగా 600 నుంచి 5300 ఓమ్స్ మధ్య ఉండాలి. 5300 దాటితే దారి ఎక్కడో తెగింది, 600 కంటే తక్కువైతే ఎక్కడో షార్ట్ అయింది అని అనుమానిస్తారు. ఎక్స్‌రే గురించి అడిగారు, లోపలి తీగ చాలా సన్నం, పైన రబ్బరు తొడుగు బాగానే ఉండి లోపల తీగ మాత్రమే తెగితే ఎక్స్‌రేలో రెండు కొసలూ ఆనుకునే కనబడతాయి. కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే వైరు బాగుందని కాదు. తెగిన చోటు కనబడితే మంచిదే, కనబడకపోతే మెషిను చెప్పిన నెంబరునే నమ్మాలి.

అయితే నెంబరు ఎక్కువ రావడానికి వైరు తెగడం ఒక్కటే కారణం కాదు. పిన్ను మెషిన్లో పూర్తిగా దిగకపోయినా అదే నెంబరు వస్తుంది. ఇది ఆపరేషన్ అయిన కొత్తలో ఎక్కువ చూస్తాం, ఏడేళ్ళు బాగా పనిచేశాక వచ్చిందంటే వైరు మీదే అనుమానం ఎక్కువ. కానీ సర్జన్ ముందు ఛాతీ దగ్గరే తెరిచి, పిన్ను పీకి తుడిచి మళ్ళీ గుచ్చి చూస్తారు. తర్వాత మెషిన్‌కి ఒక చిన్న టెస్ట్ రెసిస్టర్ తగిలిస్తారు, అప్పుడు సరైన నెంబరు వస్తే మెషిన్‌ది తప్పు కాదు, వైరుదే అని తేలిపోతుంది. అప్పుడు మెడ తెరుస్తారు. మీచేత రెండింటికీ సంతకం అడిగింది అందుకే, ఏది అవసరమో సగం ఆపరేషన్‌లో గానీ తెలీదు. పిన్నుతోనే సరిపోతే మెడ ముట్టుకోరు. "ముందు మెషిను మార్చి చూద్దాం" అని మీరు అడిగింది దాదాపు అదే, కాకపోతే రెండు సార్లు మత్తు ఇవ్వకుండా ఒకే సారి తేల్చేస్తారు. వైరు మార్చాల్సి వస్తే ఏడేళ్ళ మెషిన్‌ని కూడా సాధారణంగా మార్చేస్తారు, లేకపోతే ఇంకో ఏడాదికో రెండేళ్ళకో బ్యాటరీ కోసం మళ్ళీ కోయాల్సొస్తుంది.

ఇక మెడ. వేగస్ నరం ఒంటరిగా ఉండదు, ఒక పక్క కెరోటిడ్ ధమని, ఇంకో పక్క జుగులర్ సిర, మూడూ ఒకే తొడుగులో ఉంటాయి. మొదటిసారి తెరిచినప్పుడు పొరలు విడివిడిగా, శుభ్రంగా వస్తాయి. రెండోసారి అంతా గట్టిపడిన మచ్చ, ఏది నరం ఏది మచ్చ అని మైక్రోస్కోప్ కింద మిల్లీమీటర్ మిల్లీమీటర్‌గా విడదీస్తారు. నరానికి మూడు చుట్టలు ఉంటాయి, రెండు కరెంటువి, ఒకటి ఊరికే పట్టుకోవడానికి. మెత్తటి సిలికాన్, తీగల్లా చుట్టుకుని ఉంటాయి. ఓపిగ్గా విప్పితే చాలాసార్లు వచ్చేస్తాయి. రాకపోతే మంచి సర్జన్ బలవంతంగా లాగడు, ఆ చుట్టని అక్కడే వదిలేసి వైరు కత్తిరించేసి, నరం మీద ఖాళీగా ఉన్న చోట, పైనో కిందో, కొత్తది చుడతాడు. నేను చూసినవాటిల్లో ఇలా వదిలేసినవి బోలెడు. అది చేతగాక వదిలేయడం కాదక్కా, నరాన్ని కాపాడటం. కాబట్టి మీరు డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న "అంతా తీసేస్తారా" అని కాదు, "అతుక్కుని రాకపోతే ఏం చేస్తారు" అని.

గొంతుకి వెళ్ళే నరం ఈ వేగస్‌లోంచే విడిపోయి కిందకెళ్ళి మళ్ళీ పైకి వస్తుంది, అందుకే స్వరపేటికకి ఇబ్బంది వస్తుంది. ఆపరేషన్ ముందే ఇఎన్‌టీ వాళ్ళ చేత ఒకసారి స్వరతంత్రులు చూపించండి. ముందే ఏదైనా బలహీనత ఉంటే తెలుస్తుంది, తర్వాత పోల్చుకోవడానికీ ఉంటుంది.

కుడివైపు సంగతి. కుడి వేగస్ పోగులు గుండె వేగాన్ని నడిపే సైనస్ నోడ్‌కి ఎక్కువగా వెళ్తాయి, అందుకే మొదటినుంచీ ఎడమే పద్ధతి. ఎడమవైపు అస్సలు కుదరనప్పుడు మాత్రమే కుడి గురించి ఆలోచిస్తారు. ఎడమవైపు కూడా, కొత్త వైరు పెట్టాక థియేటర్‌లో టెస్ట్ కరెంటు వదిలేముందు సర్జన్ గట్టిగా చెప్తారు, మత్తు డాక్టర్ మానిటర్ మీదే కళ్ళు పెట్టుకుని ఉంటారు, ఎందుకంటే అరుదుగా ఆ క్షణంలో గుండె బాగా నెమ్మదిస్తుంది, ఎప్పుడో ఒకసారి కొన్ని సెకన్లు ఆగుతుంది కూడా. మందు రెడీగా పెట్టుకునే ఉంటాం.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సినవి, ఇవి ఆపరేషన్ కంటే ముఖ్యం. మెషిను ఆఫ్‌లో ఉంది కాబట్టి మాగ్నెట్ (ఫిట్స్ వచ్చినప్పుడు మెషిన్ మీద రాస్తే అదనంగా కరెంటు వదిలించే అయస్కాంతం) పనిచేయదు, అది కూడా అదే వైరులోంచి కరెంటు పంపాలి కదా. ఫిట్స్ వచ్చినప్పుడు మాగ్నెట్ రాస్తూ కూర్చోవద్దు, స్కూల్ వాళ్ళకీ చెప్పండి. ముక్కులో కొట్టే మిడజోలమ్ గానీ, మీకు రాసిచ్చిన ఇంకేదైనా రెస్క్యూ మందు గానీ చేతికందేలా పెట్టుకోండి, 5 నిమిషాలు దాటితే ఎమర్జెన్సీ. ఆపరేషన్ రోజు పొద్దున ఏమీ తినకూడదంటారు, కానీ ఫిట్స్ మందులు మాత్రం సాధారణంగా రెండు గుక్కల నీళ్ళతో వేయమంటారు, ఇది మత్తు డాక్టర్‌ని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఖాళీ కడుపు అన్నారని మందు మానేసి, థియేటర్ తలుపు దగ్గర ఫిట్స్ వచ్చి కేసు ఆగిపోయినవి నేను చూశాను.

తమ్ముడి అక్క:

నేను కొంచెం వేరే మాట చెప్తాను, తిట్టుకోకండి.

మా తమ్ముడికి కూడా విఎన్ఎస్ ఉండేది. ఆరేళ్ళకి బ్యాటరీ అయిపోయింది, మార్చాలన్నారు. మేము సరే అనబోయాం. అప్పుడు ఒక జూనియర్ డాక్టరమ్మ అడిగింది, "దీనివల్ల మీకు ఎంత తగ్గాయి, లెక్క ఉందా" అని. ఇంటికొచ్చి డైరీలు తీసి నెల నెలా కూడితే, మెషిన్‌కి ముందూ తర్వాతా పెద్ద తేడా లేదు. మేము తగ్గిందనుకున్నదంతా అదే ఏడాది మార్చిన మందు పని. ఇది పెట్టించుకున్నవాళ్ళలో సుమారు సగం మందికే ఫిట్స్ సగానికి తగ్గుతాయంటారు, మిగతా సగంలో మావాడు ఉన్నాడు. మార్పించలేదు. మళ్ళీ వీడియో ఈఈజీ, స్కాన్లు అన్నీ మొదటినుంచి చేయించాం, మెదడు సర్జరీకి పనికొస్తాడా అని కూడా చూశారు. పనికిరాడన్నారు, అది వేరే సంగతి, కానీ చూడటం అయితే చూశారు. ఏడేళ్ళ క్రితం కుదరదన్నది ఇవాళ కుదరొచ్చు కదా.

కాబట్టి మెడ మళ్ళీ తెరిచేముందు మీరు మీ డైరీ తీసి లెక్కేసుకోండి. తగ్గినట్టు అనిపించడం వేరు, తగ్గడం వేరు.

ఇంకోటి, దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. మావాడికి మెషిను తీసేసి, మెడలో వైరు మాత్రం కత్తిరించి వదిలేశారు. రెండేళ్ళ తర్వాత ఎంఆర్ఐ కావాల్సొచ్చింది, లోపల ఎంత ముక్క ఉందో కాగితం లేనిదే చేయం అన్నారు స్కాన్ వాళ్ళు, వైరు ముక్క వేడెక్కే ప్రమాదం ఉందంట. ఆపరేషన్ చేసిన చోట ఆ నోట్ కోసం నెలన్నర తిరిగాం. డిశ్చార్జ్ రోజే ఆపరేషన్ నోట్ కాపీ చేతిలో పెట్టుకునే బయటికి రండి.

చిన్నోడి అమ్మ:

అందరికీ పేరు పేరునా దండాలండి. నర్సమ్మా, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను, ఇద్దరం రెండు సార్లు చదివాం.

అక్క గారూ, తిట్టుకోవడం ఏంటండీ, మీ మాట విని నిన్న రాత్రంతా డైరీలు ముందేసుకుని కూర్చున్నాం. పెట్టకముందు ఆరు నెలల సగటు నెలకి 22. పెట్టిన మూడో ఏడాది నుంచి 6, 7. ఆ మూడో ఏడాదిలో మందులు ఏమీ మార్చలేదు, అది కూడా రాసి ఉంది. ఈ మూడు నెలలు 13, 17, 18. అంటే మావాడికి పనిచేసిందన్నమాటే కదా. ఇన్నాళ్ళూ అనుకోవడమే గానీ నెంబరు చూడలేదు, ఇప్పుడు చూశాక కాస్త ధైర్యం వచ్చింది.

అన్నా, మీరడిగినట్టు ఆలోచిస్తే, అవును, ఒక నెల నుంచి మెడ ఎడమవైపు అరచేత్తో నొక్కి పట్టుకునేవాడు. పంటి నొప్పి అనుకుని డెంటిస్ట్‌కి చూపించాం. వాడికి ఛాతీ మీద మెషిన్‌ని వేళ్ళతో కదిపే అలవాటు కూడా ఉంది, చిన్నప్పటినుంచీ. దానివల్ల కూడా తెగుతుందా?

థియేటర్ నర్స్:

తెగుతుందక్కా. మెషిన్‌ని చర్మం కింద అటూ ఇటూ తిప్పుతూ ఉంటే వైరు తాడులా మెలికపడి లాగుతుంది, ట్విడ్లర్ అని పేరే ఉంది దానికి. ఎక్స్‌రేలో మెలికలు కనబడతాయి, పాత ఎక్స్‌రే పక్కన పెట్టి పోల్చమని అడగండి. మీ వాడు పొడుగయ్యాడు, పడుతూ ఉంటాడు, ఇవి కూడా కారణాలే అవ్వొచ్చు, ఏదని తేల్చి చెప్పలేం. కదిపే అలవాటు సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పండి, మెషిన్‌ని లోపల కండరానికి దారంతో కుట్టి కదలకుండా చేస్తారు, పెరిగే పిల్లాడు కాబట్టి వైరు కూడా కాస్త వదులుగా చుట్ట పెట్టి ఉంచుతారు.

ఇన్‌ఫెక్షన్ గురించి పైన రాయలేదు. కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా మామూలు గాయమే కదా అని ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు. మెషిన్‌కి సూక్ష్మజీవులు అంటుకుంటే మందులతో తగ్గడం కష్టం, చాలాసార్లు మొత్తం తీసేసి, నయమయ్యాక మళ్ళీ మొదటినుంచి పెట్టాల్సొస్తుంది. వాడి చేతులు గాయం దాకా పోకుండా మొదటి రెండు వారాలు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, రాత్రిళ్ళు కూడా.

కొత్తగా చేరా:

మా పాపకి పెట్టి ఎనిమిది నెలలే అయింది, ఇదంతా చదివి భయమేసింది కానీ తెలియడమే మంచిది. వైరు తెగిందో లేదో ఇంట్లో కనిపెట్టడానికి ఏమైనా ఉందా?

1999 నుంచి:

తల్లీ, వారానికోసారి అదే రోజు మాగ్నెట్ ఒకసారి రాసి చూడు. రాయగానే ఒక నిమిషం ఎక్కువ కరెంటు వస్తుంది, గొంతు మారుతుంది, లేదా దగ్గొస్తుంది. నేను ఆదివారం పొద్దున చేస్తాను, చేస్తూ గట్టిగా ఒకటి నుంచి ముప్ఫై దాకా లెక్కపెడతాను. గొంతు మారకపోతే క్లినిక్‌కి ఫోన్ చేస్తాను. కొంతమందికి కాలం గడిచేకొద్దీ అలవాటై గొంతు మారడం మానేస్తుంది, అప్పుడు ఈ పరీక్ష అక్కరకు రాదు, క్లినిక్‌లో వాండ్‌తో చూపించుకోవడమే.

చిన్నోడి అమ్మ:

రెండు నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నాను, అడిగి సమాధానం తీసుకుని మాయమవ్వడం నాకు నచ్చదు.

ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు దాటింది. నర్సమ్మ చెప్పిన వరసలోనే జరిగింది, ముందు ఛాతీ తెరిచి పిన్ను సరిచేసి చూశారంట, నెంబరు దిగలేదు, మెషిన్‌ని విడిగా చూస్తే బాగానే ఉంది. మెడ తెరిచారు. వైరు మెడలో వంగే చోట, చుట్టలకి కొంచెం కింద తెగి ఉంది, తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు, అందుకే ఎక్స్‌రేలో కనబడలేదన్నారు. మూడు చుట్టల్లో కింది రెండూ వచ్చాయి, పైది అతుక్కుపోయి ఉంటే వదిలేశారు. మూడు గంటల పైనే పట్టింది. ఆ మూడు గంటలు నేనెలా కూర్చున్నానో నాకే తెలీదు. సర్జన్ బయటికొచ్చి "ఒక చుట్ట వదిలేశాం అమ్మా" అని మొహమాటంగా చెప్తుంటే, నేను "మంచి పని చేశారు" అన్నాను, ఆయన ఆశ్చర్యపోయాడు. ఇక్కడ చదవకపోయుంటే అక్కడే ఏడ్చేసేదాన్ని.

గొంతు పోయింది. లేచాక "అమ్మ" అంటే గాలి తప్ప శబ్దం రాలేదు. నీళ్ళు తాగితే పొలమారేది, చిక్కగా చేసి తాగించమన్నారు, గడ్డం కిందికి దించి మింగడం నేర్పించారు. ఇఎన్‌టీ వాళ్ళు సన్నటి కెమెరా పెట్టి చూసి ఎడమ స్వరతంత్రి నెమ్మదిగా కదులుతోంది, కానీ కదులుతోంది, ఆగుదాం అన్నారు. ముందే చూపించి ఉంచాం కాబట్టి పోల్చుకోగలిగారు. మూడో వారం దాకా రాగం లేదు, ఇల్లంతా నిశ్శబ్దం, ఏడేళ్ళలో మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. నాలుగో వారంలో ఒకరోజు నేను బట్టలు మడతపెడుతుంటే పక్క గదిలోంచి బొంగురుగా మొదలుపెట్టాడు. లేచి వెళ్ళలేదు, వెళ్తే ఆపేస్తాడేమోనని.

రెండు వారాలకి మెషిను ఆన్ చేశారు, పాత సెట్టింగ్ 1.75 ఉండేది, అది పెట్టలేదు, మళ్ళీ 0.25 మిల్లీయాంప్ నుంచే. ఇప్పుడు 0.5. ఇన్నాళ్ళు ఆగింది కాబట్టి గొంతు తట్టుకునేదాకా మెల్లగా పెంచుతామన్నారు. ఫిట్స్ ఇంకా తగ్గలేదు, పోయిన నెల 16. మొదటిసారి ఏడాది పైన పట్టింది కాబట్టి ఈసారి కూడా తొందరపడట్లేదు, డైరీ మాత్రం రోజూ రాస్తున్నాను.

అక్క గారూ, ఆపరేషన్ నోట్ డిశ్చార్జ్ రోజే తీసుకున్నాను, మెడలో చుట్ట మిగిలిందని అందులో రాసి ఉంది, ఫోటో తీసి మా ఇద్దరి ఫోన్లలోనూ పెట్టాం. వాడి మెషిను కార్డు వెనక కూడా ఒక చీటీ అంటించాను.

తమ్ముడి అక్క:

చాలా సంతోషం అండి. 0.5 దగ్గర రాగం వణుకుతోందా?

చిన్నోడి అమ్మ:

మొన్నటిదాకా లేదు. 0.5 చేసి ఇంటికొచ్చిన రోజు సాయంత్రం నుంచి సన్నగా తెలుస్తోంది, నేను గడియారం పెట్టుకుని మూడు సార్లు చూశాను, 5 నిమిషాలకోసారి వస్తోంది.